తక్కువ చక్కెర

జూన్ 4, మంగళవారం

రిపోర్టు వచ్చింది. నాకూ షుగరే.

డాక్టరు అంకె చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టాడు. తప్పు లెక్క చేసిన పిల్లలా ఎదురుగా కూర్చున్నాను. చక్కెర బంద్. బిస్కెట్లు, కేకులు, చిప్స్, కూల్‌డ్రింకులు అన్నీ బంద్. ఇప్పుడే బయటపడింది కాబట్టి నోరు కట్టుకుంటే మందు బిళ్ళ ఒక్కటే చాలట. "ఏం చేస్తుంటారమ్మా?" అని అడిగాడు. బిస్కెట్ల ఫ్యాక్టరీ అన్నాను. "ఆఫీసులోనా?" అన్నాడు. తల ఊపాను. ఎటు ఊపానో నాకే తెలీదు.

ఆఫీసు కాదు, రుచి గది. ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉన్నాను. ప్రతి బ్యాచ్‌లోంచి పళ్ళెంలో నాలుగు బిస్కెట్లు నా ముందుకొస్తాయి. కొరికి, నమిలి, క్రీమ్ కరిగాక గిన్నెలో ఉమ్మేసి, గోరువెచ్చటి నీళ్ళతో పుక్కిలించి, బాగుందనో బాగాలేదనో చెప్పాలి. నేను బాగుందంటేనే సరుకు గేటు దాటుతుంది. షుగర్ వచ్చిన మనిషిని ఆ గదిలో ఉంచరు. నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నావిడ ఇప్పుడు ప్యాకింగ్‌లో అట్టపెట్టెలకి టేపు అంటిస్తోంది. దారిలో కనపడితే నన్ను చూసి నవ్వుతుంది. ఆ నవ్వు నాకు పడదు.

అందుకని కంపెనీలో చెప్పను. ఎలాగూ ఉమ్మేసేదే కదా.

అక్కకి మాత్రం చెప్పాను. అది పదేళ్ళ పాత షుగర్ మనిషి. "వచ్చావా మా జట్టులోకి!" అని పడీపడీ నవ్వింది. నవ్వుతూనే కాలు బల్ల మీద పెట్టి కట్టు మార్చుకుంది. కుట్టుమిషన్ తొక్కుతుంటే పెడల్ అంచు గీరుకుని చిటికెనవేలు పక్క వేలికి పుండు పడింది. ఎన్నాళ్ళయినా మానడం లేదు. షుగర్ దిగకపోతే ఆ వేలు తీసెయ్యాల్సిందేనని దాని డాక్టరూ, అంటే నా డాక్టరే, పోయినసారే చెప్పేశాడు. బావ పోయాక ఆ మిషనే దానికి కూడు పెడుతోంది. కుడికాలితోనే తొక్కుతుంది. పుండూ ఆ కాలికే.

ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం. సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాలి. చక్కెర లేని టీ తాగాలి. ఆ రోజు ఏమేం తినలేదో ఒకరికొకరం చెప్పుకోవాలి.

జూన్ 5

ఏమీ తినలేదు.

జూన్ 8, శనివారం

ఏ మంచి తిండి మీదో కోరిక పుడితే కాస్త గౌరవంగా ఉండేది. నాకు పుట్టింది క్రీమ్ బిస్కెట్ మీద, చిప్స్ మీద, మూత తీస్తే బుస్సుమనే ఆ నల్ల నీళ్ళ మీద. అందులో ఏముంటుందో తెలియక కాదు. క్రీమంటే మీగడ కాదు, గడ్డకట్టిన నూనెలో పొడి చక్కెర వేసి గిలక్కొట్టింది. స్ట్రాబెర్రీ వాసన సీసా నేనే ఎంపిక చేశాను. ఆ పండు మా ఫ్యాక్టరీ గేటు కూడా చూడలేదు. ఇన్ని తెలిసిన దాన్ని, నిన్న బస్టాపులో ఎవరో చిన్నపిల్ల చేతిలో ప్యాకెట్ చూసి నిలబడిపోయాను. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి ప్యాకెట్ వీపు వెనక దాచుకుంది. సిగ్గేసింది. దాంతోపాటు ఆకలి కూడా వేసింది.

ఇంట్లో ఆయనొకరు. స్కూలు బస్సు నడుపుతారు, రోజంతా పిల్లల మధ్య ఉండి వాళ్ళ తిండే అలవాటైంది. "నీ కోసం నేను కూడా మానేస్తానోయ్" అన్నారు. మానేశారు, నా కళ్ళ ముందు. ఈ సాయంత్రం బాత్రూంలోంచి కరకర చప్పుడు.

"ఏం చేస్తున్నారండీ?"

"పళ్ళు తోముకుంటున్నా!"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈయన సాయంత్రం పూట పళ్ళు తోముకోవడం ఇదే మొదటిసారి. తలుపు దగ్గర నిలబడి ఆ చప్పుడు వింటూ నేను గుటకలు మింగానని ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పుకోలేను.

జూన్ 10, సోమవారం

అక్క గొప్పలు పోతోంది. "ఇవాళ నేను రెండు కేకులు, ఒక పెద్ద చాక్లెట్, బుట్టెడు చిప్స్ తినలేదే. నువ్వో?"

"నేను ఫ్యాక్టరీ మొత్తం తినలేదు" అన్నాను.

"అమ్మో, అయితే నువ్వే గెలిచావు."

టీ కషాయంలా ఉంది. ముక్కు మూసుకుని తాగి, ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాం. చిన్నప్పుడు జ్వరం మందు కూడా ఇలాగే పోటీపడి తాగేవాళ్ళం. అక్కే ముందు తాగేది, నాకు ధైర్యం చెప్పడానికి.

జూన్ 13

నమిలితే మింగాలనిపిస్తోంది. గిన్నె నోటి దాకా తెచ్చేసరికి గొంతు లోపలికి లాగుతోంది. నిన్న కొంచెం దిగింది. పొరపాటున.

జూన్ 14

మళ్ళీ పొరపాటున.

జూన్ 15, శనివారం

ఇక నమలను. క్రీమ్ నాలుక కొసకి తగిలించి తీసేస్తున్నాను. నా కింద పనిచేసే కొత్తమ్మాయి పద్ధతి ప్రకారం నమిలి చూస్తోంది. వచ్చి ఏడాదైనా అందరూ కొత్తమ్మాయనే అంటారు. అది "బానే ఉంది మేడమ్" అంటుంది, నేను తల ఊపుతాను. ఇరవై ఏళ్ళ నాలుక నాది, కొస చాలు.

జూన్ 22, శనివారం

ఉల్లిపాయ తియ్యగా ఉంది! క్యాబేజీ తియ్యగా ఉంది. ఉత్త అన్నం నమిలితే చివర్లో తీపి తగులుతోంది. ఇన్నేళ్ళూ ఈ రుచులు ఎక్కడ దాక్కున్నాయో. ఆయనకి పెడితే "క్యాబేజీ కంపు కొడుతోంది, తీపేంటి నీ మొహం" అన్నారు. అక్క కూడా అంతే. "నా దగ్గర క్యాబేజీ క్యాబేజీలాగే ఏడుస్తోందే" అంది.

కానీ దాని షుగర్ దిగింది. కొద్దిగానే, అయినా దిగింది. పుండు అంచులు ఎండుతున్నాయి. కట్టు విప్పి దీపం కింద పెట్టి చూపించింది, కొత్త చీర చూపించినట్టు. నాకు నిజంగా సంతోషమేసింది. ఈ మధ్య నాకు సంతోషమేసిన సంగతి ఇదొక్కటే.

జూలై 3, బుధవారం

పొద్దున క్రీమ్ బిస్కెట్ బ్యాచ్ వచ్చింది. కొసకి తగిలించగానే తీపి జివ్వుమంది. పక్కన పెట్టేశాను.

"బానే ఉంది కదా మేడమ్?" అంది కొత్తమ్మాయి.

"ఏం బావుంది? నోట్లో చక్కెర డబ్బా బోర్లించినట్టుంది."

ఇలాంటప్పుడు నమూనా డబ్బాతో పోల్చాలి. ఫలానా బిస్కెట్ ఇలాగే ఉండాలని నేనే ఖాయం చేసి, గాలి చొరకుండా మూతపెట్టి దాచిన సరుకది. తీసి చూశాను. అదీ జివ్వుమంది. అంటే నమూనాయే పాడైంది. మూత సరిగ్గా పడక చెమ్మ తగిలితే క్రీమ్ మారుతుంది. బ్యాచ్ సంగతంటారా, ఈ నెల పొడి చక్కెర కొత్త చోటు నుంచి వస్తోంది. పొడి మరీ మెత్తగా ఉంటే తీపి ముందే నాలుకకి అందుతుంది. మేనేజర్‌కి ఇదంతా విడమరిచి చెప్పాను. తూకం వేసే అతను నెత్తీ నోరూ కొట్టుకున్నాడు, గ్రాము తేడా లేదు సార్ అని. మేనేజర్ అతని వైపు చూడనైనా చూడలేదు. "మేడమ్ నాలుక కన్నా నీ కాటా గొప్పదా?" అన్నాడు.

పాత నమూనా పారబోశాం. క్రీమ్‌లో చక్కెర తగ్గించి, ఆ మేరకి పిండి పొడి కలిపి, నా నాలుకకి సరిపోయేదాకా మళ్ళీ మళ్ళీ చేయించాను. కొత్త డబ్బా మీద నేనే సంతకం పెట్టాను.

కొత్తమ్మాయి మొహం మాడ్చుకుంది. కుర్రతనం, నేర్చుకుంటుంది.

జూలై 25, గురువారం

సరుకు తిరిగొస్తోంది. దుకాణాల వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. పిల్లలు క్రీమ్ నాకి బిస్కెట్ పారేస్తున్నారని ఇన్నాళ్ళూ గొడవ. ఇప్పుడు బిస్కెట్ తిని క్రీమ్ పారేస్తున్నారట, సుద్ద తిన్నట్టుందట. మేనేజర్ రుచి గదిలోకి వచ్చి బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగి వెళ్ళిపోయాడు.  తిట్టినా బావుండేది.

జూలై 27, శనివారం

ఆయన టీ కప్పు పొరపాటున నేను ఎత్తుకున్నాను. ఒక్క గుక్క తాగి సింకులో ఉమ్మేశాను. పానకంలా ఉంది.

"చక్కెర డబ్బా గుమ్మరించానా ఏంటి?" అన్నాను.

ఆయన తాగి చూసి, "సగం చెంచానే వేసినట్టున్నావే. చప్పగా ఉంది" అన్నారు.

మారింది నా నాలుకే. పొడి మారలేదు. డబ్బాకి చెమ్మ తగల్లేదు. ఉల్లిపాయ తీపెక్కిన రోజే నాకు తెలియాలి. తెలియడానికి ఎంత బుద్ధి కావాలి? కొస చాలు, కొస చాలు అని కాగితం మీద రాసుకున్నది నేనే.

సోమవారం మేనేజర్‌కి చెప్పేస్తాను.

జూలై 29, సోమవారం

మేనేజర్ రాలేదు.

జూలై 30

వచ్చాడు. మంచి సమయం దొరకలేదు. కొత్తమ్మాయి మాత్రం పళ్ళేలు కడుగుతూ, నా వైపు తిరక్కుండా, "ఆ రోజు పాత డబ్బా కూడా తీపన్నారు కదా మేడమ్" అంది. "పని చూసుకో" అన్నాను. చూసుకుంది.

ఆగస్టు 6, మంగళవారం

మీటింగ్. ప్యాకింగ్‌కి వెళ్ళడానికి సిద్ధపడే వెళ్ళాను. టేపు చక్రం ఎలా పట్టుకోవాలో కూడా ఆలోచించుకున్నాను.

మేనేజర్ బల్ల మీద కొత్త కాగితం పరిచాడు. ఆకుపచ్చ రంగు, మీద పెద్ద అక్షరాలతో 'తక్కువ చక్కెర', కింద గుండె బొమ్మ, పరిగెడుతున్న ఒక ముసలాయన. తిరిగొచ్చిన సరుకూ, గోడౌన్లో ఉన్నదీ అంతా ఈ కాగితం చుట్టి వదులుతారట. ధర కూడా పెంచుతారట. షుగర్ ఉన్నవాళ్ళు కళ్ళకద్దుకుని కొంటారట.

"ఎవరూ ఊహించని టైంలో మేడమ్ ముందే పసిగట్టారు. నాలుకంటే ఇదీ!" అని చప్పట్లు కొట్టించాడు.

తగ్గిన చక్కెర ఎంతనీ, చెంచాలో ఒక మూలకి వచ్చేంత. దాని బదులు వేసింది పిండి పొడి, లోపలికి పోతే అదీ చక్కెరే. ఆ గదిలో ఈ సంగతి తెలిసిన దాన్ని నేనొక్కదాన్నే. అందరూ చప్పట్లు కొడుతుంటే నేనూ కొట్టాను. నా కుర్చీ నాకు మిగిలింది. ఇంటికొచ్చే దారిలో సంతోషంతో గాల్లో తేలిపోయాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ నిజం.

ఆగస్టు 19, సోమవారం

ఆయన విజయగర్వంతో ఇంటికొచ్చారు. చేతిలో ఆకుపచ్చ ప్యాకెట్లు, ఒకటి కాదు, సంచి నిండా.

"చూశావా, మీ కంపెనీదే! ఇక నువ్వు కూడా తినొచ్చోయ్. రాసుంది కదా."

రాసుంది. రాయించింది ఎవరో, ఎందుకో నాకు తెలుసు. ప్యాకెట్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఏముందో కూడా తెలుసు. చెప్పబోయాను. ఆయన అప్పటికే విప్పి ఒకటి నా చేతిలో పెట్టారు.

ఒకటి తిన్నాను. నమిలి, మింగాను. తక్కువ చక్కెరదే.

ఆగస్టు 20

రెండు. మామూలువి కావు కదా.

ఆగస్టు 22, గురువారం

అక్క ఇంటికి వెళ్ళేసరికి బల్ల మీద అదే ఆకుపచ్చ ప్యాకెట్. ఎదురింటావిడ ఇచ్చిందట.

"ఇది నువ్వు పాస్ చేసిందేనా?" అంది.

"నేనే" అన్నాను. గొంతులో కొంచెం గర్వం ఉందేమో కూడా.

ప్యాకెట్ చింపి, ఒక బిస్కెట్ వేళ్ళ మధ్య పట్టుకుని నా మొహం వంక చూసింది. "ఏంటే?" అన్నాను. "ఏం లేదులే" అని టీలో ముంచింది. నేను కూడా ఒకటి తీసుకున్నాను. రెండున్నర నెలలుగా కషాయంలా దిగిన టీ ఇవాళ టీలా దిగింది. అక్క కళ్ళు మూసుకుని నమిలింది. దాని మొహంలో అంత సుఖం బావ పోయాక నేను చూడలేదు. చూశాక ఇక ఏమంటాను?

రోజుకి ఒకటో రెండో అయితే ఏం కాదు.

ఆగస్టు 26

ఇవాళ ఏం తినలేదో చెప్పుకున్నాం. కేకు తినలేదు, చిప్స్ తినలేదు. బిస్కెట్లు తింటూ చెప్పుకున్నాం.

ఆగస్టు 30

రెండేసి.

సెప్టెంబర్ 3, మంగళవారం

ఏదో పెళ్ళివారి బట్టలున్నాయి, అక్కకి ఊపిరాడటం లేదు. రక్త పరీక్షకి వెళ్ళాల్సిన రోజు దాటిపోయింది. "నాలుగు జాకెట్లు అయ్యాక వెళ్తానే" అంది. నేను రెట్టించలేదు. నా పరీక్ష తేదీ కూడా దాటింది కాబట్టి నాకు రెట్టించే మొహం లేదు.

ప్యాకెట్ చింపేముందు ఇవాళ కూడా ఆగి నా వంక చూసింది. ఇదొక అలవాటైంది దానికి. "మొహం మీద ఏమైనా అంటుకుందా?" అని అడిగాను. నవ్వి ఊరుకుంది.

సెప్టెంబర్ 5

ఎవరికి చెప్పాలి? ఎవరికి చెప్పినా ముందు నేను మానాలి. మాను మాను అని నాకు నేనే చెప్పుకుంటూ సంచిలోంచి తీశాను. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటారని అమ్మ అంటుండేది. ఆ మాట ఎదుటివాళ్ళ మీద ఎన్నిసార్లు వాడానో నేను.

అయినా మామూలు బిస్కెట్ కన్నా తక్కువే. అది మాత్రం అబద్ధం కాదు.

సెప్టెంబర్ 11, బుధవారం

అక్క కాలు లాగుతూ నడుస్తోంది. అడిగితే కొత్త కట్టు బిగిసిందంది. గదిలో ఏదో వాసన. మిషన్ నూనె వాసనేమో. కాసేపు కూర్చుని వచ్చేశాను. కట్టు విప్పి చూపించమని అడగలేదు. జూన్‌లో అయితే తనే విప్పి చూపించేది.

సెప్టెంబర్ 12

మిషన్ నూనె వాసన అలా ఉండదు.

సెప్టెంబర్ 16, సోమవారం

సెలవు పెట్టి బలవంతంగా ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఆయన బస్సులో పిల్లల్ని దింపేసి స్కూటర్ మీద వెనకాలే వచ్చారు. డాక్టరు కట్టు విప్పించాడు. వేలు నల్లబడింది.

రిపోర్టు చూసి, "అమ్మా, జూన్‌లో దిగింది కదా, ఇదేంటి? ఏం తింటున్నారు?" అని అడిగాడు.

"అయ్యో, ఏమీ తినట్లేదు బాబూ. చక్కెర ముట్టుకోను. ఇదిగో, ఈ తక్కువ చక్కెర బిస్కెట్లే." అక్క సంచిలోంచి ప్యాకెట్ తీసి డాక్టరు బల్ల మీద పెట్టింది. "మంచివే బాబూ. మా చెల్లెలే రుచి చూసి పాస్ చేస్తుంది."

డాక్టరు ప్యాకెట్ వెనక్కి తిప్పి, అద్దాలు పైకి నెట్టి, ఆ చీమ తలకాయ అక్షరాలు చదివాడు. తర్వాత నన్ను చూశాడు.

"మీరు ఆఫీసన్నారు కదమ్మా?"

  ఎల్లుండి వేలు తీసేస్తామని అక్కకి చెప్పాడు. అక్క భయపడలేదు. "పెళ్ళివారి జాకెట్లు ఇంకా రెండున్నాయే" అంది నాతో.

సెప్టెంబర్ 18, బుధవారం

తీసేశారు. దాని పక్క చిటికెనవేలు కూడా. రెండూ పాడయ్యాయట.

సెప్టెంబర్ 19

ఏమీ తినలేదు. ఈసారి మాట నిజం. తినబుద్ధి కాలేదు.

సెప్టెంబర్ 24, మంగళవారం

మేనేజర్ గదికి వెళ్ళి తలుపు వేసి అంతా చెప్పాను. జూన్ నుంచి నాకు షుగరనీ, నమలడం మానేశాననీ, నాలుక మారిందని తెలియక మంచి నమూనా పారబోయించాననీ, తూకం వేసే అతని మాటే నిజమనీ. ఆ కాగితం మీద రాసింది నమ్మి మా అక్క రెండు వేళ్ళు పోగొట్టుకుందనీ. 

మేనేజర్ కుర్చీలో వెనక్కి వాలాడు. తిడతాడనుకున్నాను. తిట్టించుకోవాలనే వెళ్ళాను. లేచి, మంచినీళ్ళ గ్లాసు నా ముందు పెట్టాడు.

"ఇంత మంచి సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు దాచారు మేడమ్?"

నాకు అర్థం కాలేదు.

"అక్కగారి విషయం బాధాకరమే, కాదనను. పాత జబ్బు కదా, మన బిస్కెట్ వల్లే అని ఎవరనగలరు? మీ సంగతి చూడండి. షుగర్ ఉన్న మనిషే రుచి చూసి మెచ్చిన బిస్కెట్! మీ ఫోటో ప్యాకెట్ మీద వేద్దాం. మీరు కుర్చీ కదలక్కర్లేదు. సోమవారం ఫోటోగ్రాఫర్‌ని పిలిపిస్తాను, మంచి చీర కట్టుకుని రండి."

"ఆలోచించుకుని చెప్తాను సార్" అన్నాను.

ఇందులో ఆలోచించుకునేది ఏముంది? ఇంటికొచ్చి రాస్తుంటే ఒళ్ళు మండుతోంది. అతని మీద కాదు. నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుందంటారు. నాది అవసరానికి మాత్రం తిరగదు.

సెప్టెంబర్ 29, ఆదివారం

అక్క ఆస్పత్రి నుంచి వాళ్ళింటికొచ్చింది. మిషన్ ముందు కూర్చుని ఎడమకాలితో తొక్కడం నేర్చుకుంటోంది. కుడికాలు పీట మీద, కట్టుతో. చక్రం ముందుకి తిరగాల్సింది వెనక్కి తిరిగి దారం తెగిపోతోంది. తిట్టుకుంటూ మళ్ళీ ఎక్కిస్తోంది.

నేల మీద దాని కాలి దగ్గర కూర్చున్నాను. చెప్పాలనుకున్నది దారి పొడుగునా వల్లె వేసుకుంటూ వచ్చాను. తీరా నోరు తెరిస్తే ఒక్క ముక్కే వచ్చింది.

"అక్కా, అవి తక్కువ చక్కెర కాదే. నాకు ముందు నుంచీ తెలుసు."

అక్క సూదిలోకి దారం దూరుస్తూనే ఉంది. కొస తడిపి, కన్ను మూసి, దూర్చి, ముడి వేసింది.

"నాకూ తెలుసే" అంది.

"నీకెలా తెలుసు?"

"నాలుక నీ ఒక్కదానికే ఉందా? పదేళ్ళ నుంచి నోరు కట్టుకున్న దాన్ని, తీపి తగిలితే తెలీదా నాకు? మొదటి రోజే తెలిసింది."

"మరి ఎందుకు తిన్నావే!" గట్టిగా అరిచేశాను. నాకు ఏడుపొచ్చింది, కోపంతోనే.

"తినాలనిపించి తిన్నా. నువ్వెందుకు తిన్నావో నేనూ అందుకే." చక్రం మీద చెయ్యి వేసి ఆపింది. "కానీ విప్పేముందు రోజూ నీ మొహం చూసేదాన్ని. వద్దే అంటావేమో, అంటే అక్కడే పారేద్దామని. నువ్వంటే మానేదాన్నే, చెల్లీ. నా అంతట నాకు చేతకాలేదు."

కోపంగా అనలేదు. అదే నా ప్రాణానికి వచ్చింది. దానికి కోపం రాలేదు కాబట్టి కాళ్ళు పట్టుకోవడానికి కూడా వీల్లేకపోయింది. పీట మీద ఉన్న ఆ కట్టు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. అది "చెయ్యి తియ్యి, చక్రం తిరగాలి" అంది. మళ్ళీ వెనక్కి తిరిగింది చక్రం. మళ్ళీ దారం తెగింది.

ఇంటికి రాగానే మేనేజర్‌కి ఫోన్ చేశాను. ఫోటో వద్దన్నాను. ఆ కాగితం తియ్యకపోతే, అందులో ఏముందో అడిగినవాళ్ళందరికీ చెప్తానన్నాను. ప్యాకింగ్‌కి వెళ్ళాల్సొస్తుంది మేడమ్ అన్నాడు. సరే అన్నాను.

ఆయన టీ కలిపి తెచ్చారు, చక్కెర లేకుండానే. పళ్ళెంలో అలవాటు ప్రకారం రెండు ఆకుపచ్చ ప్యాకెట్ బిస్కెట్లు. సంచి ఇంకా ఖాళీ కాలేదు.

"వద్దండీ" అన్నాను.

"సరే" అని తీసేశారు. అంతే. ఇంకేం అడగలేదు. అంత తేలిగ్గా అయిపోయింది.